వినికిడి పరీక్ష

కింది వాటా టైలరమ్మ చెప్పినదాని ప్రకారం, పై వాటా కోడలికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఆ మాట ఆవిడ కళ్లజోళ్ల షాపావిడతో అంది. కళ్లజోళ్ల షాపావిడ ఇస్త్రీ చేసే ఆయనతో అంది. ఉదయం తొమ్మిదయ్యేసరికి అదే మాట మెట్లెక్కి ఆ ఇంటికే తిరిగొచ్చింది. అత్తగారి చెవిన పడేసరికి దాని రూపం ఇది: "పుట్టుకతోనే ఉందట. పెళ్లిలో దాచారట."

టైలరమ్మ దగ్గర రుజువులు లేకపోలేదు. మూడు రోజులుగా ఎవరేం మాట్లాడినా ఆ కోడలు "ఏమన్నారు? మళ్లీ అనండి, అచ్చం అలాగే అనండి" అంటోంది. తలుపుల దగ్గర మెడ వంచి నిలబడుతోంది. అన్నిటికీ మించి, సాక్షాత్తూ అత్తగారే ముందురోజు మెట్ల మీద చెప్పింది: "రేపు సాయంత్రం అయిదింటికి మా కోడలికి వినికిడి పరీక్ష. యూనివర్సిటీలోనట."

అసలు సంగతి వేరు. కోడలికి నలభై రెండేళ్లు. పదహారేళ్లు జిరాక్సు సెంటర్లో కూర్చుని ఊళ్లోవాళ్ల దరఖాస్తులు టైపు చేసి చేసి, చివరికి సొంతంగా ఏదైనా రాయాలనిపించి, యూనివర్సిటీలో ఇంగ్లీషు, కథారచన చదువులో చేరింది. అయితే వేళ్లకు పాత అలవాటు పోలేదు. ఆమె కథల్లో తాగుబోతు కూడా "తమరికి సవినయంగా విన్నవించుకొనునది" అంటూ తూలేవాడు. "మీ పాత్రలు మాట్లాడటం లేదమ్మా, అర్జీలు పెట్టుకుంటున్నాయి" అని లెక్చరరు నిరుడు కథారచన పేపరులో ఆమెను తప్పించాడు. ఈసారి ఆఖరి అవకాశం. చుట్టుపక్కల మనుషుల మాటలు చెవిన పడ్డవి పడ్డట్టు రెండు పేజీలు రాసి, పక్కనే ఇంగ్లీషులోకి దించి, అయిదింటికల్లా చేతికివ్వాలి. ఆ పనికి లెక్చరరు పెట్టిన పేరే వినికిడి పరీక్ష. ఇదీ తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మళ్లీ జిరాక్సు సెంటరే.

కాబట్టి ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదికల్లా వంట ముగించి, మెట్ల మీద కూర్చుని, మధ్యాహ్నానికి రెండు పేజీలు నింపడం. మూడు రోజుల్లో పోగైనవి నాలుగు వాక్యాలు. "మళ్లీ అనండి" అనగానే మనుషులు గొంతు సవరించుకుని రేడియో వార్తల్లా చెప్పేవారు మరి.

ఆమె మెట్టు మీద కూర్చుందో లేదో టైలరమ్మ ఎదురొచ్చి, నోరు బార్లా తెరిచి, "వ... ది... నా! టీ... తా... గా... వా?" అంటూ చేత్తో గ్లాసు ఎత్తినట్టు చూపించింది.

"తాగాను. ఎందుకలా అరుస్తున్నారు?"

"అయ్యో, పెదాలు చూసి పట్టేసింది" అని టైలరమ్మ పక్కకు తిరిగి కళ్లొత్తుకుంది.

"నా చెవులు బాగానే ఉన్నాయండీ!" కోడలు గొంతు పెంచింది.

"చూశారా పిన్నిగారూ, ఎలా అరుస్తోందో!" అని టైలరమ్మ గుమ్మంలోకొచ్చిన అత్తగారితో అంది. "వినపడనివాళ్ల గొంతు ఇలాగే లేస్తుంది. మా బావగారూ ఇంతే. ఆరేళ్లు ఒప్పుకోలేదు."

పదకొండింటికి భర్త ఆయాసపడుతూ వచ్చాడు. బస్సు డిపోలో టైంకీపరు. టైలరమ్మ ఫోన్ చేస్తే సెలవు పెట్టి వచ్చేశాడు. వస్తూనే, ఒక్క మాటా మాట్లాడకుండా, అట్టముక్క ఎత్తి చూపించాడు. దాని మీద లావుపాటి అక్షరాలతో "బయపడకు. నేణున్నాను" అని ఉంది. ఆమె పెన్ను తీసి, "బ"ను "భ" చేసి, "ణు"ను "ను" చేసి, అట్ట వెనక్కిచ్చేసింది.

"అమ్మా, రాస్తే అర్థమవుతోందే!" అని అతను సంబరపడ్డాడు.

"ఏమండీ, అది చదువు పరీక్ష. మాటలు విని రాయాలి. లేకపోతే తీసేస్తారు."

అతను తల్లి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "వినపడకపోతే చదువులోంచి కూడా తీసేస్తారటమ్మా."

ఆమెకు ఓపిక అయిపోయింది. కష్టం చెప్పుకోవడానికి ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే, అర్జీ. అదిప్పుడు ఎవరికి పెట్టుకోవాలో తెలియలేదు. గోడకు తల ఆనించి, ఒళ్లో తెల్ల కాగితం పెట్టుకుని, ఊరుకుంది. పన్నెండయింది.

అప్పుడు ఆమెకు అటు టైలరమ్మా ఇటు అత్తగారూ కూర్చుని, ఆమె తల మీదుగా మాట్లాడటం మొదలుపెట్టారు.

"నలభై దాటాక కాలేజీ ఏంటి పిన్నిగారూ? కథలు రాసి ఎవర్ని ఉద్ధరించాలట?"

"రాసుకోనీవే. పదహారేళ్లు ఊరందరి ఏడుపులూ టైపు కొట్టింది. దానిదొక్కటీ కొట్టుకోలేదు."

"మీరు మంచోళ్లు కాబట్టి..."

"మంచీ లేదు గించీ లేదు. కూరలో ఉప్పు వెయ్యవే, ఉప్పు వెయ్యవే అని పెళ్లయిన కాణ్ణుంచీ మొత్తుకుంటున్నా. పొగరనుకున్నా. పిచ్చిదానికి వినపడలేదన్న సంగతి ఇప్పుడు తెలిసింది."

"ఇక నేనూ చెప్పేస్తా. నిరుడు దీని జాకెట్టు చెయ్యి పొట్టిగా కుట్టేశా. నీ చెయ్యే పెరిగింది వదినా అన్నా. నమ్మింది!"

కోడలి పెన్ను దానంతటదే కదిలింది. ఎవరూ గొంతు సవరించుకోవడం లేదు. అరగంటలో రెండు పేజీలూ నిండాయి. ఇంగ్లీషులోకి దించడానికి మూడు గంటలు పట్టింది. అందులో "పిన్నిగారూ" ఒక్కటే పావుగంట తినేసింది.

అయిదుకు పది నిమిషాలుందనగా లెక్చరరు గదిలోకి నలుగురూ వెళ్లారు. వద్దన్నా ఎవరూ ఆగలేదు. తలుపు మీద పేరుకు ముందు "డాక్టర్" అని ఉండటంతో అత్తగారి మనసు కుదుటపడింది.

"డాక్టరుగారూ, కాస్త జాగ్రత్తగా చూడండి" అంది.

"అందరివీ జాగ్రత్తగానే చూస్తానమ్మా" అని ఆయన కాగితాలు అందుకున్నాడు. ఉదయం నుంచి ముప్ఫై మందివి చదివి ఉన్నాడు. సగం చదివి నిట్టూర్చి, "మళ్లీ కల్పించారు" అన్నాడు. "మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆమె గురించే ఇలా ఎవరు మాట్లాడతారు? 'నీ చెయ్యే పెరిగింది వదినా అన్నా. నమ్మింది.' ఈ మాట లోకంలో ఎవరైనా అంటారా?"

"నేనే అన్నా" అని టైలరమ్మ నోరు జారింది. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి, "వదినా! నీకు వినపడిందా?" అంది.

"ఆ జాకెట్టు విప్పి కుట్టి పెడతారా ఇప్పుడైనా?" అంది కోడలు నీరసంగా.

"పెరగకూడదా ఏంటి చెయ్యి? ఒక్కోళ్లకి పెరుగుతుంది!"

లెక్చరరు కాగితం వంక చూశాడు, టైలరమ్మ వంక చూశాడు, మళ్లీ కాగితం వంక చూశాడు. అంచున సగం రాసిన "తప్పింది" కొట్టేసి పైన సంతకం పెట్టాడు. "మీ మనుషులు మాట్లాడారమ్మా. పాసయ్యారు." కోడలు పక్కనున్న బీరువాకు చేరగిలబడింది. భర్త చంకలోని అట్టముక్కను మెల్లగా వీపు వెనక్కి జరిపాడు.

అంతవరకూ కదలకుండా నిలబడ్డ అత్తగారు ఒక అడుగు ముందుకేసింది.

"అయితే నీకు మొదట్నుంచీ అన్నీ వినపడుతూనే ఉన్నాయా?"

"ఉన్నాయత్తయ్యా."

"ఇరవై ఏళ్లుగా?"

"ఇరవై ఏళ్లుగా."

"మరి కూరలో ఉప్పెందుకు వెయ్యవే?"