మంత్రిగారి తొలి అడుగు

"ఈ హెరిటేజ్ వంతెన ఇకపై కాలినడక జనానిదే!" అని పాత వంతెనల శాఖ మంత్రి బాలసుందరంగారు ప్రకటించగానే తొండియార్‌పేట దద్దరిల్లిపోయింది. కాలువ మీద తొంభై ఏళ్ల కాంక్రీటు వంతెన అది. పదేళ్లుగా దాని మీద సైకిలు కూడా పోవడం లేదు, జనమే నడుస్తున్నారు. జనం దగ్గర ఉన్నదాన్నే జనానికి ఇవ్వాలన్న ఆలోచన మామూలు నాయకులకు రాదు. వంతెన మొదట్లో జిరాక్స్ కొట్టు పెట్టుకున్న నాకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు వంతెనకు అడ్డంగా వెదుళ్లు కట్టేశారు.

"ఏంది సార్ ఇది? నేను పనికి పోవద్దా?" అంది సత్యభామ. అవతలి గట్టున స్కూల్లో వంటమనిషి ఆమె. ఎనిమిదికల్లా పొయ్యి వెలిగించాలి.

"ప్రారంభోత్సవం కాలేదు గదక్కా. తొలి అడుగు మినిస్టరుదే పడాల," అన్నాడు ఇంజనీరు చంద్రు.

"ఇరవై ఏండ్లుగా నేను నడస్తానే ఉండానే!"

"అదంతా అన్‌అఫీషియల్."

సత్యభామ రైలు గేటు మీదుగా రెండు కిలోమీటర్లు చుట్టు తిరగసాగింది. మంత్రిగారికి మోకాలి నొప్పి వచ్చి ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది. ఆమె మోకాళ్లు హెరిటేజ్ కిందికి రావు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇంకొక్క రోజు లేటైతే రానక్కర్లేదని హెడ్‌మిస్ట్రెస్ చెప్పేసింది.

చివరికి సోమవారం ఏడున్నరకు ముహూర్తం కుదిరింది. "ఈ పొద్దు నేరుగా పోతానన్నా," అంటూ ఆమె ఏడింటికే నా కొట్టు ముందు నిలబడింది.

మంత్రిగారు వచ్చారు. మేళం మోగింది, శాలువాలు పడ్డాయి. ఆయన సరిగ్గా వంతెన మధ్యదాకా నడిచి, దండం పెట్టి, వెనక్కి వచ్చేశారు. సత్యభామ పరుగెత్తింది. మధ్యలో కొత్త వెదురు!

"అవతలి సగం వేరే నియోజకవర్గం అక్కా," అన్నాడు చంద్రు. "ఆ పక్క ఎమ్మెల్యే వేరే పార్టీ. ఆయన అడుగు మన సారు వేసేస్తే బాగుంటుందా? కొంజం ఓపిక పట్టండి, ఎలక్షన్ కానీ."

"ఎనిమిదవతా ఉంది సార్! కాలవలో దూకేదా?"

ఆ కేక మంత్రిగారి చెవిన పడింది. వెంటనే ఆదేశించారు: "సగం దూరం నడిచిన ప్రజలు కూర్చోడానికి ఈడ బెంచీ వేయండి!"

సత్యభామ చుట్టు తిరిగి చేరేసరికి ఆమె పొయ్యి దగ్గర ఇంకో మనిషి ఉందట. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. మంత్రిగారి మీద కాదు, ఎనిమిది గంటల మీద.

బెంచీ మాత్రం వారంలో పడింది. ఇప్పుడు రోజూ పొద్దున సత్యభామ దాని మీద కూర్చుని అవతలి గట్టు చూస్తూ ఉంటుంది. నిన్న పేపర్లో ఆమె ఫోటో వేశారు. కింద రాశారు: 'హడావిడి లేని పాదచారి.'