ఖాళీ ఫైల్లో ఒక మాట

బాగా పనిచేస్తున్న ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదటినుంచి రాయడాన్ని మించిన పుణ్యకార్యం లేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి. మా ఆఫీసులో నాకు జీతం ఇస్తున్నదే అందుకు.

నల్లటి తెర మీద కమాండ్ కొడితే ఫైల్లో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి చెప్పే బుల్లి ప్రోగ్రామ్ ఒకటుంది. వయసులో నాకంటే పెద్దది. దాన్ని కొత్త కంప్యూటర్ భాషలో నేను తిరగరాస్తున్నాను. షరతు ఒక్కటే. పాతది ఏం చేస్తే కొత్తదీ అదే చెయ్యాలి.

"మరి పాతదానికేమొచ్చింది?" అని అడిగింది మా ఆవిడ.

"ఏం రాలేదు. బాగానే ఉంది."

"పోనీ, కొత్తది ఇంకేమైనా ఎక్కువ చేస్తుందా?"

"చెయ్యకూడదు. చేస్తే నాకు చీవాట్లు."

ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంట్లోవాళ్లకు మన గొప్పతనం ఎప్పుడు తెలిసింది గనక!

అసలు గొడవ ఖాళీ ఫైలుతో వచ్చింది. ఏమీ లేని ఫైలు ఇచ్చినా అందులో ఒక మాట ఉందంటుంది పాత ప్రోగ్రామ్. శుద్ధ తప్పు. మొదటిరోజే దాన్ని దిద్ది, నా ప్రోగ్రామ్ చేత సున్నా అనిపించి, మా టీమ్ లీడర్‌ను పిలిచి మరీ చూపించాను.

"ఆ సున్నా తీసెయ్," అన్నాడాయన.

"ఫైల్లో ఏమీ లేదు కదండీ."

"లేదయ్యా. కానీ ఆ ఒకటిని నమ్ముకుని ఎక్కడో ఎవరో బతుకుతుంటారు. వాళ్ల పొట్ట కొడతావా?"

ఎంత దయగల మాట! ఒప్పు ఎవడైనా రాస్తాడు. ఇంకొకరి తప్పును పొల్లుపోకుండా రాయాలంటే ప్రతిభ కావాలి. సగం జుట్టు ఊడాక గానీ ఆ తప్పు చెయ్యడం నాకు పట్టుబడలేదు.

మరో చిక్కు. పాతది నత్తనడక నడిచేది, నాది చిటికెలో ముగించేది. అకౌంట్స్ పెద్దాయన లబోదిబోమన్నాడు. కమాండ్ కొట్టి టీకి వెళ్లడం ఆయన అలవాటు, పాపం. అందుకని నా ప్రోగ్రామ్‌నూ కాసేపు ఊరికే కూర్చోబెట్టాను. అభివృద్ధి అంటే ఇంకేమిటి?

చివరికి రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చాయి. సోమవారం నా ప్రోగ్రామ్ ఆఫీసులోని కంప్యూటర్లన్నింట్లోకీ వెళుతుందన్నారు. ఆ సంబరంలో ఇంటికి మిఠాయి పట్టుకెళ్లాను.

సోమవారం పొద్దున్నే, రెండింటినీ పోల్చి చూసే ఆఖరి పరీక్ష తప్పింది. ఖాళీ ఫైలు దగ్గరే. పాతది సున్నా అంటోంది, నాది ఒకటి అంటోంది!

పాతదాన్ని రాసిన ముసలాయన ఇంకా నిక్షేపంగా ఉన్నాడు. దాని బాగోగులు ఇప్పటికీ ఆయనే చూస్తున్నాడు. నా పనితనం చూశాడట. "నా తప్పును మీరింత శ్రద్ధగా దించేసరికి సిగ్గేసింది బాబూ. ఎవరైనా దిద్దుతారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఇక నేనే దిద్దేశాను," అని కబురు పెట్టాడు.

"సున్నా పెట్టు. పాతదానిలాగే ఉండాలని మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు మా లీడర్.

పెట్టాను. ఆ తర్వాత భయంభయంగా ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఎవరూ చెయ్యలేదు. ఎక్కడా ఏదీ ఆగలేదు, ఎవరి పొట్టా కొట్టినట్టు కాలేదు. ఆ ఒకటిని నమ్ముకుని ఇన్నాళ్లూ బతికినవాడెవడా అని చూస్తే, నేనొక్కణ్ణే తేలాను.