మెట్లమీది సౌకర్యం

తాగుడు మానాలనుకునేవాళ్లకు డాక్టర్లెందుకండీ? కౌన్సెలింగులెందుకు? వాళ్ల పేరు చెప్పి ఒక విరాళాల సభ పెట్టండి చాలు. జబ్బు దానంతటదే సిగ్గుపడి పారిపోతుంది!

ఈ మాట నేను గాలివాటుగా అనడం లేదు. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నిటినీ పైకి పంపుతూ, తాగుడు పుణ్యమా అని తను మాత్రం ఏళ్ల తరబడి కిందికి దిగుతూ పోయాడు. ఎలాగో మానేశాడు. మానేసినవాడు మానేసినట్టే ఉండటానికి ప్రతి గురువారం సాయంత్రం ఒక పాత భవనంలో మేడమీద గదికి వెళ్తాడు. అక్కడ వాడిలాంటివాళ్లూ, మనసు చెదిరి మళ్లీ ఇప్పుడిప్పుడే కూడదీసుకుంటున్నవాళ్లూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. రిటైరైన నర్సమ్మ ఒకావిడ వాళ్లకు పెద్దదిక్కు. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. అంతే! ఇదేం వైద్యమండీ? ఫొటో తీస్తే ఏముంటుంది అందులో?

పైగా ఆ గదికి కప్పు కారుతోంది. పాపం కదా అని మేం పెద్దమనుషులం నడుం కట్టి ఒక కమిటీ వేశాం. నేను కార్యదర్శిని.

కమిటీ అన్నాక ఆఫీసుండాలి కదా? ఆ గదే తీసుకున్నాం. బ్యానర్లూ, ‘మనసు విప్పండి’ అని రాసిన టీషర్టుల మూటలూ అందులో పెట్టి తాళం వేశాం. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అదేమన్నా చిన్న పదవా?

మరి వాళ్లెక్కడ కూర్చోవాలి అంటారా? లక్షణమైన మెట్లున్నాయి! కుర్చీలు కింద హాల్లో దాతలకు కావాలి మరి. మెట్లమీద కూర్చుంటే ముందువాడి వీపే తప్ప ముఖం కనిపించదు. నలుగురిలో మొహమాటపడేవాళ్లకు ఇంతకన్నా సౌకర్యం ఎక్కడ దొరుకుతుంది? “బాబూ, వీళ్లకి ముఖం చూసి వినేవాళ్లే కావాలి” అని నర్సమ్మ ఏదో సణిగింది. పాతకాలం మనిషి, మేం పట్టించుకోలేదు.

ఇక మా కార్యక్రమాలు చూడండి. నిద్రపట్టనివాళ్ల సహాయార్థం కోడి కూయకముందే పరుగుపందెం. చిన్న చప్పుడుకే గుండెదడ వచ్చేవాళ్ల కోసం బ్యాండుమేళంతో ఊరేగింపు. జనాన్ని చూస్తే బెదిరేవాళ్లకు స్టేజీమీద సన్మానం. ఒకాయన తన పేరు పిలవగానే కిటికీలోంచి దూకి పరుగో పరుగు! గ్రౌండ్ ఫ్లోరే లెండి. నెలల తరబడి మంచం దిగని మనిషికి ఆ చురుకు ఎవరివల్ల వచ్చినట్టు?

అన్నిటికన్నా మా బావమరిది ప్రసంగానికే గిరాకీ ఎక్కువ. మొదటి సభకు వాడు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మా అధ్యక్షురాలు చూసి డీలా పడిపోయింది.

“ఏంటండీ, ఈయన మనకంటే బాగున్నాడు! ఆ బుగ్గలు చూసి ఎవరైనా జేబులో చెయ్యి పెడతారా?”

అందుకని గడ్డం పెంచించి, గుండీలూడిన చొక్కా తొడిగాం. కథ కూడా మరీ చప్పగా ఉంది. తాగేవాణ్ని, మానేశాను అంటాడు! మురిక్కాలవలో పడ్డానని చెప్పరా అంటే, “నేను పడలేదు బావా” అంటాడు. వాడు పడకపోతే అది మా తప్పా? సభసభకూ మేమే కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చాం. ఈమధ్య ఆ కాలవ నదైంది. అందులో వాడి స్కూటరు కూడా కొట్టుకుపోయింది. వాడికి స్కూటరు లేదు.

మొన్న గురువారం మహాసభ. మొదలయ్యే ముందు వాడు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. చేతులు వణుకుతున్నాయి.

“బావా, ఇవాళ మనసేం బాగాలేదు. మందు షాపు ముందు ఆగి ఆగి వచ్చాను. నాకు స్టేజీ వద్దు. కాసేపు ఆ గది తెరవ్వా? ఎవరితోనైనా కూర్చోవాలి.”

“అద్భుతంరా! ఇదే మైకులో చెప్పు. ఆ వణుకు మాత్రం పోనివ్వకు!” అన్నాను.

చెప్పాడు. కాలవా లేదు, నదీ లేదు. “నాకిప్పుడు తాగాలనుంది. భయంగా ఉంది. ఎవరైనా కాసేపు నాతో కూర్చుంటారా?” అన్నాడు.

సభ సభంతా లేచి నిలబడింది! ఏం చప్పట్లండీ! కళ్లు తుడుచుకుంటూ కొట్టారు. నేనైతే అరచేతులు మండేదాకా కొట్టాను. “అదిరిపోయిందండీ!” అని అధ్యక్షురాలు నా చెవిలో అరిచింది. హాలు మొత్తంలో కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

చప్పట్లు సద్దుమణిగాక చూస్తే స్టేజీమీద మైకొక్కటే ఉంది. మా ఆవిడ కుర్చీ కూడా ఖాళీ. బయట రోడ్డు, రోడ్డుకవతల ఆ షాపు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను. అక్కడ లేడు. వెనక్కి వస్తే మెట్లమీద కనిపించాడు.

తాగలేదు. పక్కన మా ఆవిడ, తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. కింది మెట్టుమీద నర్సమ్మ, మెడ పట్టేసేలా వెనక్కి తిరిగి వాడి ముఖంలోకే చూస్తోంది. పైమెట్లవాళ్లు వాడు మాట్లాడేది వినడానికి ఒకరిమీద ఒకరు వంగిపోతున్నారు.

“అప్పుడే అయిపోయాయా బావా, చప్పట్లు?” అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

జరిగి చోటిచ్చారు. కూర్చోబోతుంటే జేబులో ఏదో గుచ్చుకుంది. గది తాళంచెవి.

కమిటీవారికి మనవి. గది తెరిచేశాను. కుర్చీలు పైకి వెళ్లిపోయాయి. మీ బ్యానర్లూ, టీషర్టుల మూటలూ మెట్లమీద పెట్టించాను. ఇకమీదట మీటింగులు అక్కడే పెట్టుకోండి. సౌకర్యంగా ఉంటుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు.