ఐవీ ఇస్సాకు

ఆ సోమవారం పొద్దున ఇస్సాకు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పదకొండేళ్లుగా పాతబస్తీలోని ఒక సర్కారీ దఫ్తర్లో ప్యూను. గుమాస్తాగా ప్రమోషన్ వచ్చింది. ఆస్పత్రిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని సాయంత్రం ఐదు లోపల ఇవ్వాలి. లేకపోతే ఆ కుర్చీ తర్వాతి సీనియర్ ఎల్లప్పకు పోతుంది.

ఆస్పత్రి కౌంటర్లో గుమాస్తా అడిగాడు. "ఏ క్లాసు నౌకరీ?"

"నాలుగో క్లాసు సార్."

గుమాస్తా చీటీ మీద పేరు, వయసు రాసి, పక్కన రోమన్ అంకెల్లో IV అని గీకాడు. డాక్టరు ఆపరేషన్లో ఉన్నాడు. చీటీ నర్సు సుశీలమ్మ చేతికి వెళ్లింది. ఆమెకు ఆ రెండక్షరాలకు ఒకటే అర్థం తెలుసు: నరానికి సెలైన్ ఎక్కించడం.

"ఐవీ రాసుంది. పండుకో."

"నాకేం బీమారి లేదమ్మా. సర్టిఫికెట్ కోసం వచ్చిన."

"అందరూ గట్లనే అంటరు. చెయ్యి చాపు."

ఇదీ పరీక్షలో భాగమే కాబోలనుకుని ఇస్సాకు చెయ్యి చాపాడు. సీసా కారుతుంటే చల్లగా, హాయిగా అనిపించింది. ఈగల బాధకు దుప్పటి ముఖం మీదికి లాక్కుని గురక కూడా లేకుండా నిద్రపోయాడు.

దఫ్తర్లో మధ్యాహ్నం రెండైనా ఇస్సాకు రాకపోయేసరికి హెడ్ క్లర్కు సోమశేఖర్, చూసి రమ్మని ఎల్లప్పను పంపాడు. వార్డులో మంచం, ముఖం దాకా దుప్పటి, పక్కన ఇస్సాకు చెప్పులు. దుప్పటి ఎత్తి చూసే ధైర్యం ఎల్లప్ప చెయ్యలేదు.

"నర్సమ్మా, మా ఇస్సాకన్న..."

ఆమె ఖాళీ సీసా వైపు చూసింది. "ఇప్పుడే అయిపోయింది."

ఎల్లప్ప ఏడుస్తూ దఫ్తరుకు పరిగెత్తాడు. "సార్, ఇస్సాకన్న పొయిండు! నా కండ్లతోని చూసిన!"

సోమశేఖర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మూడు గంటలకు ఇస్సాకు చనిపోయినట్టు రిజిస్టర్లో ఎక్కించి ఆఫీసరు సంతకం పెట్టించాడు. "ఎల్లప్పా, ఇగ ఆ కుర్చీ నీదే." ఎల్లప్ప ఏడుపు సగానికి సగం తగ్గింది.

అక్కడ ఆస్పత్రిలో డాక్టరు వచ్చి చీటీ చూసి, పడీపడీ నవ్వి, పరీక్షచేసి, సర్టిఫికెట్ రాసిచ్చాడు. సెలైన్ బలంతో ఇస్సాకు చార్మినార్ సందుల్లో సైకిల్ తొక్కి నాలుగున్నరకు దఫ్తరు చేరాడు. లోపల అందరూ కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. ఎవరో పోయారని అర్థమై, అతనూ చేతులు కట్టుకుని ఎల్లప్ప పక్కన నిలబడ్డాడు.

"ఎవరు పొయిండ్రే?" అని గుసగుసగా అడిగాడు.

"మన ఇస్సాకు," అన్నాడు ఎల్లప్ప కళ్లు తెరవకుండానే.

"ఏ ఇస్సాకు?"

"గదేంది, మన ప్యూను..." కళ్లు తెరిచిన ఎల్లప్ప ఒక్క కేక పెట్టి టైపు మిషన్ మీద పడ్డాడు.

దఫ్తరంతా లొల్లి. అది సద్దుమణిగాక ఇస్సాకు సర్టిఫికెట్ ముందు పెట్టాడు. ఆఫీసరు సంతకమైన రిజిస్టరును కొట్టేసే అధికారం సోమశేఖర్‌కు లేదు.

"నేను బతికే ఉన్న కద సార్!" అన్నాడు ఇస్సాకు.

"అది నాకు కనబడుతుందయ్యా. కాగితానికి కనబడాలె కద." సోమశేఖర్ కలం తీశాడు. "ఫికర్ చెయ్యకు. తర్వాతొచ్చిన కాగితమే చెల్లుతది. కుర్చీ నీదే."

సర్కారీ లెక్క ప్రకారం ఇస్సాకు మూడు గంటలకు చనిపోయి, నాలుగున్నరకు సంపూర్ణ ఆరోగ్యంతో విధుల్లో చేరాడు.