జీవానందం గారు కొండకు పోయిన శనివారం

బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే జీవానందం ఆ శనివారం ఇంకా పూర్తిగా తెల్లారకముందే లేచి, చప్పుడు కాకుండా బుల్లెట్టు తుడుచుకుంటున్నాడు. ఆయన గూడ్సు బండి గార్డుగా పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. గార్డు పెట్టె బండికి చిట్టచివర ఉంటుంది. అందులో కూర్చున్న మనిషికి ఊళ్ళూ చేలూ వెనక్కి పోతూ కనిపిస్తాయే తప్ప ఎదురు రావు. ఉద్యోగమంతా అలా దూరమైపోయే లోకాన్ని చూసి చూసి, ఒక్కరోజైనా ఎదురొచ్చే లోకాన్ని చూడాలని ఆయనకు కోరిక పుట్టింది.

ఆయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పెద్దరోడ్డు వదిలేసి జలదంకి, కలిగిరి, వింజమూరు వైపు పొలాల మధ్య దారులు పట్టి ఉదయగిరి కొండల దాకా పోవాలి. మధ్యలో కలిగిరిలో నెయ్యి వేసిన ఎర్రకారం దోశ తినాలి. కొండ కింద ఏదో ఒక చెట్టు నీడన కాసేపు పడుకోవాలి. పొద్దుగూకేసరికి ఇంటికి రావాలి. ఈలోగా ఎవరితోనూ మాట్లాడకూడదు. బండికి మాత్రం, మెకానిక్కు వద్దంటున్నా వినకుండా, పాత రైలు పెట్టెలకు ఉండే ముదురెరుపు రంగు వేయించాడు. జిల్లాలో అలాంటి బుల్లెట్టు ఇంకొకటి లేదు.

కిక్కు కొట్టబోతుండగా భార్య మగ్దలీనమ్మ కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

"ఇంత పొద్దున్నే యాడికండీ?"

"కొండకు పోతా ఉండా. జలదంకి మీదుగా ఉదయగిరి."

"కొండకా? ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. సాయంత్రం దాకా ఫోను కూడా ఆపేస్తా ఉండా. ఎవరూ నాకు చెయ్యబాకండి."

"ఉండండి, రెండు ఇడ్లీలన్నా తిని..."

"ఏమీ వద్దు మగ్దలీనా. ఈ పొద్దు నాకు ఏమీ పెట్టబాక," అన్నాడు ఆయన, కడుపులో దోశకు చోటుంచుకునే ఉద్దేశంతో.

మగ్దలీనమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ సంఘంలో ఒక మనిషి ఒంటరిగా, ఫోను ఆపేసి, తిండి వద్దని కొండకు పోతున్నాడంటే దానికి ఒకటే అర్థం, ఉపవాస ప్రార్థన. పోయిన ఆదివారం పాస్టరు గారు దాని మీదే గంటసేపు ప్రసంగించారు. ఆ గంటా జీవానందం నిద్రపోయాడన్న సంగతి స్త్రీల వైపు కూర్చున్న ఆమెకు తెలియదు. ఇంటి ప్రార్థనల్లో తన వంతు వస్తే దగ్గి పక్కవాడికి వదిలేసే ఈ మనిషి మారాలని ఆమె పెళ్ళయిన నాటి నుంచీ దేవుణ్ణి అడుగుతూనే ఉంది. బండి వీధి మలుపు తిరిగేలోగా ఆయన వీపూ, ఎర్ర బుల్లెట్టూ కనిపించేలా ఒక ఫోటో తీసి అబిగయీలుకు పంపింది.

అబిగయీలు స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆమె చేతికి వచ్చిన వార్త అక్కడే ఆగిపోవడం అంతవరకూ జరగలేదు. జీవానందం కాలవ కట్ట ఎక్కేసరికి ఆ ఫోటో నాలుగు మండలాల గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. కింద ఇలా ఉంది: "బ్రదర్ జీవానందం గారు ఉపవాసముతో కొండకు బయలుదేరినారు. జలదంకి, కలిగిరి, వింజమూరు సంఘముల వారు గమనించగలరు. ప్రార్థన మనవులు ఉన్నవారు దారిలో తెలుపుకొనగలరు."

ఇదేమీ తెలియని జీవానందం మహా సంతోషంగా పోతున్నాడు. రెండు వైపులా వరి పచ్చగా మోకాలెత్తు లేచి ఉంది. మడుల్లో కొంగలు బుల్లెట్టు మోతకు ఒక్కసారిగా లేచి, కొంచెం అవతల మళ్ళీ వాలుతున్నాయి. చల్లగాలి చొక్కాలోకి దూరుతుంటే ఆయన గట్టిగా ఈల వేశాడు. లోకం నిజంగానే ఎదురొస్తోంది.

జలదంకి దాటాక ఒకామె స్కూటీ రోడ్డుకు అడ్డంగా పెట్టి రెండు చేతులూ ఊపింది. జీవానందం బండి ఆపాడు.

"వందనాలన్నా! నా పేరు లిల్లీ. మీకోసమే నిలబడి ఉండా."

"నాకోసమా?"

"మావాడు రైల్వే పరీక్ష రాసినాడన్నా. మీరు పైన ఒక్క మాట చెప్పండి."

తాను రైల్వే మనిషినని ఈమెకు ఎలా తెలిసిందా అనుకుని, బండి రంగు గుర్తొచ్చి సమాధానపడ్డాడు. "నేను రిటైరైపోయినానమ్మా. పైన నా మాట ఎవరూ వినరు."

"అట్టనబాకండన్నా. ఈ పొద్దు మీ మాట తప్పకుండా వింటాడు."

"ఎవరు?"

"ఎవరేందన్నా, పైనుండే ఆయన."

"ఆయన విజయవాడలో గదమ్మా ఉండేది?"

"విజయవాడలోనూ ఉండాడు, జలదంకిలోనూ ఉండాడు. ఆయన లేని చోటు యాడుందన్నా?"

"నిజమే. ఇన్‌స్పెక్షనని తిరుగుతానే ఉంటాడు," అని ఒప్పుకున్నాడు జీవానందం. "సరే, కనపడితే చెప్తా."

"కనపడితే" అన్న మాట విని లిల్లీకి ఒళ్ళు జలదరించింది. ఈ మనిషి దర్శనం చూడబోతున్నాడు! అలాంటి మనిషిని ఒంటరిగా పంపడం ఆమెకు మనసొప్పలేదు. స్కూటీ తిప్పి ఆయన వెనకే బయలుదేరింది.

కలిగిరి దగ్గర పడేసరికి మాగాణి పోయి మెట్టనేల వచ్చింది. పొగాకును వేడికి ఎండబెట్టే బ్యారన్ కొట్ల నుంచి తియ్యటి ఘాటు వాసన గాలిలో తేలివస్తోంది. జీవానందానికి మాత్రం దాని అడుగున దోశ వాసనే తగిలింది. మాలకొండయ్య హోటల్లో బల్ల ముందు కూర్చుని అడిగి మరీ నెయ్యి ఎక్కువ వేయించుకున్నాడు. దోశ వచ్చింది. మొదటి ముక్క తుంచాడు. అది నోటి దాకా పోలేదు. ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"వద్దన్నా!" తెల్లచొక్కా వేసుకున్న ఒక పొడుగాటి మనిషి రొప్పుతూ నిలబడి ఉన్నాడు. "నేను గిద్యోను, ఈడ సంఘం పెద్దని. మాలకొండయ్యా, తెలిసే పెట్టినావా ఈయనకి?"

"ఏమైందన్నా? దోశ అడిగినాడు, పోసినా," అన్నాడు మాలకొండయ్య అయోమయంగా.

"ఈయన ఈ పొద్దు తినగూడదు."

జీవానందానికి అప్పుడు విషయం అర్థమైందనిపించింది. కిందటి వారమే ఆయనకు సుగర్ పరీక్ష చేయించారు. మగ్దలీనమ్మ జిల్లా అంతటా కాపలా పెట్టిందన్నమాట!

"నాకేం లేదండీ. బార్డరులోనే ఉండా," అన్నాడు బతిమాలుతూ.

"సాతాను శోధన బార్డరులోనే పట్టుకునేదన్నా," అంటూ గిద్యోను పళ్ళెం తీసుకుని వంటింటి వైపు నడిచాడు. "దీన్ని మీ కంటికి కనపడకుండా చేసొస్తా."

కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి, "పదండి, కొండ దాకా నేనే తోడొస్తా," అన్నాడు.

వింజమూరులో జీవానందం మూడు చోట్ల ఆగబోయాడు. అరటిపళ్ళ బండి దగ్గర ఒక ముసలామె పళ్ళను గోనెపట్టాతో కప్పేసింది. బజ్జీల కొట్టు ముందు ఎవరో రెండు చేతులూ చాచి అడ్డం నిలబడి, తమ బోరులో నీళ్ళు పడేలా చూడమని అడిగారు. సోడా తాగబోతే గిద్యోను ఆ సీసా పుచ్చుకుని "నీళ్ళు చాలన్నా" అన్నాడు. ఊరు దాటేటప్పటికి ఆయన వెనక లిల్లీ స్కూటీ, గిద్యోను బండి, మరికొన్ని మోటారు సైకిళ్ళు, వాటి వెనక కంజీర వాయిస్తూ పాడే ఆడవాళ్ళతో ఒక ఆటో వస్తున్నాయి.

సుగర్ మనిషి కోసం ఇంతమంది పాటలు పాడతారా? జీవానందం అద్దంలో చూసుకుంటూ ఎంత ఆలోచించినా పొంతన కుదరలేదు. ఉద్యోగం పొడుగునా బండికి తోకలో కూర్చున్నవాడు ఇప్పుడు ఇంజను అయ్యాడు. అది ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. వేగం పెంచాడు. వాళ్ళూ పెంచారు. చీలిక కనపడగానే హఠాత్తుగా ఎడమకు తిరిగి, నిమ్మతోటల మధ్య బండ్లబాటలోకి దూరాడు. ఎర్రమట్టి దుమ్ము లేచింది. బాట మెలికలు తిరిగి తిరిగి ఒక చిన్న కొండ మొదట్లో ఆగిపోయింది. అది ఉదయగిరి కాదు. ఉదయగిరి కొండలు ఆకాశం చివర నీలంగా, తీరిగ్గా నిలబడి ఉన్నాయి.

దుమ్ములోంచి ఒక్కొక్క బండీ బయటికి వచ్చింది.

"చూసినారా!" అన్నాడు గిద్యోను కళ్ళు మెరుస్తుండగా. "అందరూ పొయ్యే కొండ కాదని, ఈ పేరు లేని కొండని ఎన్నుకున్నాడు!"

జీవానందం బండి స్టాండు వేసి, ఆకలితోనూ కోపంతోనూ అడిగాడు. "అసలు మీరందరూ ఎవరు? నా వెనక ఎందుకు పడినారు? మగ్దలీన మీకేం చెప్పింది?"

గిద్యోను వినయంగా ఫోను చేతికిచ్చాడు. ఫోటో, దాని కింద రాత చదివాడు జీవానందం. రెండోసారి చదివాక లిల్లీ చెప్పిన 'పైనుండే ఆయన' ఎవరో తెలిసింది. అటు తర్వాత గిద్యోను, మగ్దలీనమ్మ గ్రూపులో పెట్టిన మాటలు ఆమె గొంతుతోనే ఫోనులో వినిపించాడు. "అక్కలారా, మా ఆయన కొండకు పోయినాడు. ఇన్నేళ్ళూ నేను అడిగింది దేవుడు ఈ పొద్దు ఇచ్చినాడు. నాకింక ఏమీ వద్దు."

నిజం చెబితే ఆ గొంతు ఏమవుతుంది? చెప్పకపోతే లిల్లీ కొడుకు, ఎవరివో బోర్లు, వీళ్ళ ఆశలన్నీ తన నెత్తిన పడతాయి. జనం రాళ్ళ మీద కూర్చుని ఆయన వైపే చూస్తున్నారు. దగ్గడానికి ప్రయత్నించాడు. పక్కన వంతు తీసుకునేవాడు ఎవడూ లేడు.

"నేను ప్రార్థనకు రాలేదు," అన్నాడు చివరికి. "బండి మీద షికారు వచ్చినా. దోశ తినాలని వచ్చినా. నేను జన్మలో ఒక్క ఉపవాసం ఉండలా. గుడిలో ప్రసంగం మొదలైతే నిద్రపోతా. లిల్లీ తల్లీ, నువ్వు పైన చెప్పమంటే విజయవాడ రైల్వే ఆఫీసు అనుకున్నా. నాకు నలుగురిలో ప్రార్థన చెయ్యడం రాదు, సిగ్గు. ఇదే నిజం. నన్ను పోనీయండి."

నిమ్మతోటలో ఎక్కడో మోటారు కొట్టుకుంటోంది. అప్పుడు ఆటోలోంచి కంజీర పట్టుకున్నామె గట్టిగా "ఆమేన్!" అంది.

"ఇట్టాంటి సాక్ష్యం మా సంఘంలో ఎన్నడూ వినలా," అంటూ గిద్యోను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఆ దోశ నేనే తిన్నానయ్యా! మీతోపాటు నేనూ ఉపవాసమని ఇంట్లో చెప్పొచ్చి, గోడ చాటున నిలబడి తిన్నా!"

ఆ మాటతో గట్టు తెగింది. ఆటో నడిపేవాడు లేచి, ఇంట్లో కావలి ఊరికి బాడుగ ఉందని అబద్ధం చెప్పి సినిమాలకు పోతానన్నాడు. కంజీర వాయించే ఆమె పక్కింటి కోడిపెట్టను కాజేసిన సంగతి చెప్పుకుని ఏడ్చింది. లిల్లీ తన కొడుకు సరిగా చదవలేదనీ, ఆ సంగతి తనకు ముందే తెలుసనీ చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. అందరూ కళ్ళు మూసుకున్న ఒక సమయం చూసి జీవానందం బుల్లెట్టును స్టార్టు చేయకుండా తోసుకుంటూ బాట మలుపు దాకా నడిపించాడు.

వచ్చేదారిలో ఆయన్ను ఎవరూ ఆపలేదు. ఎండ చల్లబడింది. బ్యారన్ల ముందు పొగాకు తోరణాలు బంగారం రంగులో వేలాడుతున్నాయి. ఇంటికి తిరిగి వచ్చే గొర్రెల మంద కోసం ఆయనే ఆగి దారి ఇచ్చాడు. రోజంతటిలో అదే ఆయన కోరుకున్న ప్రయాణం. కానీ ప్రతి మైలుకీ ఇల్లు దగ్గరవుతోంది, ఇంట్లో మగ్దలీనమ్మ ఉంది.

ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"మగ్దలీనా, నేను నీకు ఒకటి చెప్పాల."

"చెప్పబన్లేదు. కొండ మీద ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టినారు. అబిగయీలు నాకు రెండుసార్లు చూపించింది."

ఆయన తల వంచుకున్నాడు. "కోపంగా ఉందా?"

"ఉంది," అంది ఆమె. "షికారు పోతా ఉండానని పొద్దున్నే చెప్పుంటే ఏమయ్యేది?"

"పొమ్మనేదానివా?"

"పొమ్మనేదాన్ని కాదు. నేనూ వచ్చేదాన్ని." ఆమె లేచి ఆయన చొక్కా మీది ఎర్రదుమ్ము దులిపింది. "పోనీలెండి. మీరు నలుగురిలో దగ్గకుండా మాట్లాడింది ఈ పొద్దే చూసినా. రాండి, అన్నం పెడతా."

వచ్చే శనివారం ఇద్దరూ బుల్లెట్టు మీద ఉదయగిరి పోవాలని ఆ భోజనం దగ్గరే నిశ్చయమైపోయింది. జీవానందం రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు గుడిలో పాస్టరు గారు ఆ వీడియో గురించి గంటన్నర ప్రసంగించారు. జీవానందం భయంతో మేలుకునే ఉన్నాడు. ఆఖరున అబిగయీలు లేచి, నాలుగు మండలాల వాళ్ళూ బ్రదర్ జీవానందం గారి సాక్ష్యం వినడానికి అదే కొండకు రావాలని కోరుతున్నారనీ, శనివారానికి బస్సులు మాట్లాడామనీ ప్రకటించింది.

ఆ శనివారం భార్యాభర్తలిద్దరూ బస్సులో ముందు సీటులో కూర్చుని కొండకు వెళ్ళారు. దారి చూపించడం కోసం వాళ్ళ ముందు జీవానందం ఎర్ర బుల్లెట్టు మీద గిద్యోను వెళ్ళాడు.