పసుపు టోకెను

లోకేశ్వరికి లోకంలో అన్నిటికన్నా భయం ఒక్కటే: జనంలో బిడ్డ తప్పిపోవడం. ఉరుములూ, బల్లులూ, అత్తగారి మౌనమూ అన్నీ దాని తర్వాతే. అలాంటి భయం ఉన్న మనిషి తిరుపతిలో కాపురం చేయడం కష్టం. ఊళ్ళో ఉన్న జనం కన్నా వచ్చిపోయే జనమే ఎక్కువ. బస్టాండు మైకులో "నీలం గౌను తొడుక్కున్న పాప..." అని వినపడితే చాలు, పక్కనే ఆకుపచ్చ గౌనులో నిలబడిన కూతురి తల తడిమి చూసుకునేది.

అందుకే మూడేళ్ళ లోహితకు రెండు నియమాలు నేర్పింది. అలిపిరి దగ్గర బొమ్మల బండి మీద కొన్న ప్లాస్టిక్ విజిల్‌ను మెడలో కట్టి, "అమ్మ కనపడకుంటే ఊదల్ల, కనపడేదాకా ఊదల్ల" అన్నది మొదటిది. "ఉరికే వాళ్ళ ఎంట పోవద్దు. కదలకుండా నిలబడినోళ్ళ దగ్గరికి పోయి నిలబడుకో" అన్నది రెండోది. అంగడివాళ్ళు, పోలీసులు, టికెట్ కౌంటర్ల వాళ్ళు, వీళ్ళెవరూ ఉరకరు కదా అని ఆమె లెక్క. లోహిత మొదటి నియమాన్ని ఎంత బాగా నేర్చుకుందంటే, అమ్మ స్నానానికి వెళ్ళినా ఊదేది. వీధి మలుపులో ఆటోలు ఆగి, పోలీసు కోసం అటూ ఇటూ చూసి, మళ్ళీ కదిలేవి.

ఆ శనివారం పొద్దున వేసుకున్న పథకం చిన్నది. మరిది బాలచంద్ర డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు. ఆ రోజు చిత్తూరు కాలేజీతో ఫైనల్. శనివారాలు ఒక్కపొద్దు కనుక మ్యాచ్ అయ్యాక ఇంటి పులిహోర తప్ప ఇంకేమీ ముట్టడు. భర్త రవిచంద్ర పాల వ్యానుతో పలమనేరు వెళ్ళాడు. కాబట్టి క్యారియర్ ఇచ్చి రావలసింది లోకేశ్వరి.

"బిడ్డను ఈడనే వదిలిపెట్టి పో. నేను సూసుకుంటా గదా" అంది అత్త చెంగమ్మ.

"వద్దులే అత్తా. మీరు సీరియల్ పెడతారు."

"సీరియల్ సూస్తే కండ్లు పోతాయా?"

"పోవు గానీ, టీవీ మీదనే ఉంటాయి గదత్తా."

చెంగమ్మ క్యారియర్ మూత బిగించి, "బిడ్డను నువ్వెట్లాగూ పోగొట్టవు. నా స్టీలు క్యారియర్ మాత్రం భద్రం" అంది.

మైదానం గేటు దగ్గర బాలచంద్ర ఎదురొచ్చాడు. క్యారియర్ అందుకోకుండా ఆమె మెడలో ఒక కార్డు తగిలించాడు. "వదినా, కాలు బెణికితే మందు కొట్టే ఫిజియో అన్న రేణిగుంట దగ్గర బండి పంచరై నిల్చిపోయినాడు. ఫిజియో లేకుంటే మ్యాచ్ మొదలుపెట్టేది లేదంటా ఉండారు. నీ పేరు రాయించినాను."

"నాకేం తెలుసప్పా? తొమ్మిదితో బడి మానేసినాను."

"తొమ్మిది శానా ఎక్కువ. నొప్పి ఉండేచోట డబ్బా నొక్కేదే. ఇంకోటి, గ్యాలరీలో జనం సూడు. ఆడ కూర్చుంటావా, మా బెంచి మీద కూర్చుంటావా?"

లోకేశ్వరి గ్యాలరీ వైపు చూసింది. వెంటనే బెంచి మీదికి వెళ్ళి, బిడ్డ నడుముకు తువ్వాలు కట్టి, దాని రెండో కొసను బెంచి కాలికి ముడి వేసింది.

అక్కడ కాలేజీ ఆటల మాస్టారు, అందరూ పీడీ సారు అనే పరంధామయ్య, జట్టును వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆయనకు రెండే ఆస్తులు: రంగు వేసి వెనక్కి దువ్విన ఒత్తైన జుట్టు, ఒక సిద్ధాంతం.

"ఫౌళ్ళు చేసే జట్టు గెలవదు. ఈ టోర్నమెంటులో ఫౌళ్ళల్లో మనమే ఫస్టు. అందులో సగం ఈ బాలచంద్రవి. ఆ చిత్తూరోళ్ళను సూడండి, ఒక్క కార్డు లేదు. అది జట్టంటే."

"ఇన్ని ఫౌళ్ళు చేసే గదా సార్ ఫైనల్‌కి వచ్చినాం" అన్నాడు బాలచంద్ర.

"అది గాలివాటం. పెనాల్టీ అనేది అప్పు మాదిరి, ఎప్పుడో ఒకప్పుడు ఇంటికొచ్చి తలుపు తడతాది. ఈ రోజు ఒక్క ఫౌలు చేసినా, నిన్నైనా ఎవరినైనా జట్టులో నుంచి తీసేస్తా. ఫౌళ్ళు చేసి కప్పు గెలిచినారా, నేను అలిపిరి నుంచి కొండకు నడిచి పోయి గుండు కొట్టించుకుంటా."

అందరూ ఆయన జుట్టు వైపు గౌరవంగా చూశారు. పీడీ సారు తిరుపతిలో పుట్టి కూడా ఒక్కసారైనా నడిచి కొండెక్కని మనిషి.

మ్యాచ్ మొదలైంది. తీసేస్తారన్న భయంతో మన కుర్రాళ్ళు పెళ్ళికి వచ్చిన చుట్టాలను ఎదుర్కొన్నట్టు ఆడారు. చిత్తూరు వాళ్ళు బంతితో వస్తే పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. అలా దారి ఇచ్చుకుంటూ పోగా బంతి తిన్నగా గోల్‌లోకి వెళ్ళింది. గోల్‌కీపర్ మునిప్రసాద్, "ఫౌలన్నా చెయ్యండప్పా, లేకుంటే వాళ్ళకు కాఫీ అన్నా ఇయ్యండి" అన్నాడు.

కాసేపటికి బాలచంద్ర కాలు పట్టేసి పడిపోయాడు. "ఫిజియో" అని కేక. లోకేశ్వరి బిడ్డను కదలొద్దని చెప్పి, ఒక చేత్తో మందు డబ్బా, ఇంకో చేత్తో అత్తగారి క్యారియర్ పట్టుకొని పరిగెత్తింది. ఎడమ కాలు చూపిస్తే కంగారులో కుడి కాలికి కొట్టింది. చల్లగా తగిలేసరికి బాలచంద్ర అదిరిపడి లేచి నిలబడ్డాడు. దగ్గరున్న గీత వైపు బయటికి పొమ్మన్నాడు రిఫరీ. ఆమె పోయింది. అది బెంచికి అవతలి వైపు గీత.

ఆట మళ్ళీ మొదలైంది. చిత్తూరు ఆటగాడు ఒంటరిగా బంతి తీసుకొని గోల్ మీదికి వస్తున్నాడు. ఇంకో అడుగులో కొడతాడు. సరిగ్గా అప్పుడు లోహిత చుట్టూ చూసింది. అమ్మ కనపడలేదు. నియమం ప్రకారం ఊదింది.

మైదానమంతా ఆగిపోయింది. బంతితో వస్తున్నవాడు కూడా ఆగి, ఏం తప్పు చేశానా అని చేతులు చూసుకున్నాడు. రిఫరీ తన నోట్లోని విజిల్ తీసి దాని వైపు అనుమానంగా చూశాడు. ఆయన ఊదలేదు.

విచారణ బెంచి దగ్గర తేలింది. ఈ లోపల లోకేశ్వరి మైదానం చుట్టూ తిరిగి రొప్పుతూ వచ్చింది.

"ఎవరి బిడ్డ?"

"నా బిడ్డే సార్."

"నువ్వెవరు?"

లోకేశ్వరి మెడలో కార్డు చదువుకొని, "ఫిజియో అంట సార్" అంది.

రిఫరీ లోహిత మెడలోని విజిల్ విప్పి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఇంకో జేబులోంచి పసుపు కార్డు తీసి లోకేశ్వరి ముందు ఎత్తి పట్టాడు.

తిరుపతిలో ఎవరైనా మన వస్తువు తీసుకొని మన ముందుకు ఒక బిళ్ళ చాపితే దానికి ఒకటే అర్థం. చెప్పుల దగ్గరైనా, సెల్‌ఫోన్ల దగ్గరైనా, సామాన్ల దగ్గరైనా అదే పద్ధతి. లోకేశ్వరి మర్యాదగా రెండు చేతులూ చాచి టోకెను అందుకుంది. కళ్ళకు అద్దుకొని, చీర కొంగులో ముడి వేసుకుంది. "మ్యాచ్ అయినాక ఏ కౌంటర్లో ఇస్తారు సార్?" అని కూడా అడిగింది. రిఫరీకి అది వినపడలేదు. చిత్తూరు వాళ్ళందరూ ఆయన చుట్టూ మూగి, పోయిన గోల్ గురించి అడుగుతున్నారు.

పీడీ సారు తల పట్టుకున్నాడు, జుట్టు చెదరకుండా. "బెంచి మీద కూర్చున్నోళ్ళు కూడా కార్డు తెచ్చుకుంటా ఉండారు. ఇంక గెలిచినట్టే."

విరామంలో మునిప్రసాద్ బాలచంద్ర పక్కన కూర్చొని, "మీ వదినకే భయం లేదు, నీకేమప్పా" అన్నాడు. ఆ మాట పనిచేసింది. రెండో సగంలో బాలచంద్ర మళ్ళీ బాలచంద్ర అయ్యాడు. వెంటనే ఒకణ్ణి పడగొట్టాడు. రిఫరీ జేబులో చేయి పెట్టాడు. పసుపు కార్డు లేదు. ఇంకో జేబు చూశాడు. మేజోళ్ళు చూశాడు. ఉన్నది ఎర్రది ఒక్కటే. పడగొట్టినందుకు ఎర్రది ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. వేలు చూపించి వదిలేశాడు. ఆ వదిలేసిన బాలచంద్రే కాసేపటికి ఎగిరి తలతో గోల్ కొట్టాడు. స్కోరు సమానమైంది.

జట్టు మొత్తం ఉరికి వచ్చి బెంచి మీద పడింది. ఒకరి మీద ఒకరు ఎక్కి అరిచి, మళ్ళీ మైదానంలోకి పోయారు. గుంపు తప్పుకునేసరికి బెంచి కాలికి తువ్వాలు ఉంది. లోహిత లేదు.

లోకేశ్వరి ఖాళీ తువ్వాలును లాగి చూసింది. బెంచి కింద చూసింది. నీళ్ళ డ్రమ్ము వెనక చూసింది. "సార్, బిడ్డ యాడ సార్" అని పీడీ సారును అడిగింది. ఆయన బంతి మీదినుంచి కళ్ళు తీయకుండా, "లెఫ్టులో ఉండాడు" అన్నాడు.

విజిల్ మోగింది. ఆమె గుండె ఎగిసింది. రిఫరీ. మళ్ళీ మోగింది. మళ్ళీ రిఫరీయే. అప్పుడు గుర్తొచ్చింది, బిడ్డ దగ్గర విజిల్ లేదు. బిడ్డ ఊదాలనుకున్నా ఊదలేదు. ఆ విజిల్ ఆయన జేబులో ఉంది. టోకెను తన కొంగులో ఉంది.

ఇక ఆమె ఆలోచించలేదు. కొంగు ముడి విప్పుకుంటూ, క్యారియర్ ఊపుకుంటూ రిఫరీ ఎక్కడుంటే అక్కడికి ఉరికింది. ఆయన మన గోల్ ముందు ఉన్నాడు. చిత్తూరు వాడు కొట్టిన బంతి ఆ క్షణంలోనే గోల్‌లోకి పోతూ, దారిలో వచ్చిన స్టీలు క్యారియర్‌కు తగిలి, గంట మోగినట్టు మోగి, బయటికి పోయింది. గోల్ ముందు పులిహోర పరుచుకుంది.

"సార్, ఇదో టోకెను. మా విజిల్ ఇచ్చేయండి. బిడ్డ కనపడలా."

రిఫరీ ఆమె చేతిలోని పసుపు కార్డును చూశాడు. పోయిన బిడ్డ తనదే అన్నట్టు చూశాడు. తీసుకొని, దాన్నే మళ్ళీ ఆమెకు ఎత్తి చూపి, వెంటనే ఎర్రది తీశాడు. ఈసారి గట్టిగా పట్టుకున్నాడు.

"టోకెను తీసుకున్నారు, వస్తువు ఇయ్యకుండా ఇంకో టోకెను ఏంది సార్?" అంది లోకేశ్వరి ఏడుపు గొంతుతో.

"తల్లీ, నీకు దండం పెడతా" అని రిఫరీ విజిల్ ఆమె చేతిలో పెట్టి, మైదానం బయటికి దారి చూపించి, పెనాల్టీ ప్రకటించాడు.

బెంచి దగ్గర పరంధామయ్య కళ్ళు మూసుకొని, "తలుపు తట్టింది" అన్నాడు.

ఆట ముగియడానికి నిమిషమే ఉంది, పెనాల్టీ పడితే గెలిచినట్టే కనుక చిత్తూరు వాళ్ళందరూ ముందుకు వచ్చేశారు. వాళ్ళ గోల్‌కీపర్ కూడా పండగ దగ్గరనుంచి చూడాలని సగం మైదానం దాటి వచ్చాడు. మునిప్రసాద్ గోల్ మధ్యలో నిలబడి చేతులు చాచాడు. అప్పుడు వెనక ఎడమ మూలనుంచి చిన్న గొంతు వినపడింది.

"మామా, అమ్మ యాడ?"

తల తిప్పాడు. లోహిత వల రంధ్రాల్లో వేళ్ళు పెట్టి, దానికి ముఖం ఆనించి నిలబడి ఉంది. రిఫరీ విజిల్ మోగింది. చిత్తూరు వాడు ఉరికి వస్తున్నాడు. బంతి ఎటు వస్తుందో మునిప్రసాద్ ఆలోచించలేదు. వల పాతది, బిడ్డ ముఖం దానికే ఆని ఉంది. అంతే. ఎడమ వైపుకు అడ్డంగా ఎగిరాడు. బంతి అటే వచ్చింది. అతని రెండు అరచేతులకు తగిలి వెనక్కి ఎగిరి బాలచంద్ర కాళ్ళ ముందు పడింది.

బాలచంద్ర తలెత్తి చూశాడు. ఎదురుగా మైదానం ఖాళీ. గోల్ ఖాళీ. ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. చిత్తూరు గోల్‌కీపర్ తల మీదుగా బంతి పోయి, పడి, దొర్లి, ఎవరూ అడగకుండానే గోల్‌లోకి నడిచి వెళ్ళింది.

గ్యాలరీ లేచి నిలబడింది. ఆ గోల్ చూడనిది లోకేశ్వరి ఒక్కతే. ఆమె అప్పటికి వల వెనక నేల మీద కూర్చొని, బిడ్డ తలలో ముఖం దాచుకొని ఉంది.

"ఈడికి ఎట్లా వచ్చినావే?"

"అందరూ ఉరకతా ఉండారు. మామ ఒక్కడే నిల్చోని ఉండాడు. నువ్వే చెప్పినావు గదా" అంది లోహిత.

లోకేశ్వరి ఏడుస్తూనే నవ్వింది. తను నేర్పిన రెండు నియమాల్లో ఒకదాన్ని రిఫరీ లాక్కున్నాడు. రెండోది ఎవరూ లాక్కోలేకపోయారు.

కప్పు అందుకొని జట్టంతా ఆమె దగ్గరికే వచ్చింది. మునిప్రసాద్ తన పతకం తీసి లోహిత మెడలో వేశాడు. చిత్తూరు కెప్టెన్ కూడా వచ్చి, "అక్కా, వచ్చే ఏడాది మా బెంచి మీద కూర్చో" అని పిలిచాడు.

పీడీ సారు ఒక్కడే వాదిస్తున్నాడు. "ఆ పెనాల్టీ రాకుంటే ఇంకా సులువుగా గెలిచేవాళ్ళం."

"పెనాల్టీ రాకుంటే వాళ్ళ కీపరు గోల్ వదిలి వచ్చేవాడా సార్?" అన్నాడు బాలచంద్ర. "నన్ను జట్టులో నుంచి ఎప్పుడు తీసేస్తారు?"

పరంధామయ్య చెయ్యి నెమ్మదిగా తల మీదికి వెళ్ళింది. అందరూ అటే చూస్తున్నారు. వెంకన్న పేరు పెట్టి అనకపోయినా, కొండ పేరు ఎత్తి అన్న మాట. తిరుపతిలో అది వెనక్కి తీసుకునే మాట కాదు.

ఇంటికొస్తే చెంగమ్మ క్యారియర్‌కు పడిన సొట్టను వేలితో తడిమి చూసింది. జరిగిందంతా విన్నాక దాన్ని తోమించకుండా, బాలచంద్ర ఆ రాత్రికి ఇంటికి తెచ్చిన కప్పు పక్కనే పెట్టించింది.

పీడీ సారు వచ్చే శనివారం తెల్లవారుజామున బయలుదేరుతున్నాడు. మోకాళ్ళ నొప్పులు, ఒంటరి మనిషి, జనంలో నడవడం అలవాటు లేదు. అందుకని లోకేశ్వరి ఆ ప్లాస్టిక్ విజిల్‌ను కొత్త దారానికి కట్టి ఆయన మెడలో వేసింది. "తప్పిపోతే ఊదండి సార్, ఎవరన్నా కనపడేదాకా" అని నియమం కూడా చెప్పింది.

కాబట్టి ఆ రోజు మీరెవరైనా అలిపిరి మెట్ల దారిలో ఉండి విజిల్ విన్నారంటే, దయచేసి ఆగి, ఆయన మంచినీళ్ళు తాగాడో లేదో కనుక్కోండి. అది ఫౌలు కాదు, పరంధామయ్య సారు.