నైట్ షిఫ్టుకు నీలం అట్ట

సోమవారం పొద్దున గట్టయ్య అనుకున్నది ఒక్కటే. తొమ్మిదింటికి పిల్లల పుస్తకాల గది తెరవాలి, పన్నెండింటికి మూసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఇంటికి వచ్చి అన్నం తినాలి. బొగ్గు గనిలో దీపాల గది చూసుకుంటూ ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి దిగిపోయాక అతడు ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఆరు నెలలూ భార్య ఐలవ్వ, కూలర్‌కు అడ్డం నుంచి కాళ్ళు తీయమని రోజుకు నాలుగుసార్లు చెప్పింది. తాళంచెవి చేతికి వచ్చాక సెంటినరీ కాలనీలో అతనికి మళ్ళీ ఒక డ్యూటీ ఉన్నట్టయింది.

ఆ పుస్తకాలు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు తగినవి. సంధ్యారాణి టీచరు వాళ్ళనూ వీళ్ళనూ అడిగి పోగుచేసి, ఎండాకాలం సెలవుల కోసం ఆ గది పెట్టించింది. వారం రోజులకు దగ్గరి ఊరు జైపూర్‌లోని తల్లిగారింటికి పోతూ, పిల్లల్లో ప్రతి ఒక్కరినీ ఏం ఇష్టమో అడిగి, పుస్తకంలో నాలుగు వరుసలు చదివి చూసి ఇమ్మని గట్టయ్యకు చెప్పింది. కాలనీ కమిటీ పెద్ద జగదీశ్వర్‌కు మాత్రం ఆ గది క్యారమ్ బోర్డులకు కావాలి. ఒక్క ఫిర్యాదు వచ్చినా తాళంచెవి వాపసు తీసుకుంటానని గట్టయ్య ముఖం మీదే అన్నాడు.

గట్టయ్య ఇద్దరికీ తల ఊపాడు. అతనికి అంకెలు వచ్చు, సంతకం వచ్చు. అక్షరాలు రావు. దీపానికి నంబరు ఉంటే చాలు కనుక, ఈ సంగతి గనిలో ఎవరికీ తెలియలేదు. కాలనీలో కూడా తెలియదు.

అయినా అతడు భయపడలేదు. దీపాల గదిలో మొదటి షిఫ్టుకు ఎర్ర బిళ్ళ, రెండో షిఫ్టుకు ఆకుపచ్చ బిళ్ళ, రాత్రి షిఫ్టుకు నీలం బిళ్ళ ఇచ్చేవాడు. అన్నేళ్ళలో ఒక్క దీపం తారుమారు కాలేదు. పుస్తకాలకు అట్టలున్నాయి, అట్టలకు రంగులున్నాయి. ఇంక కావలసిందేమిటి?

మొదట గనిలో పనిచేసే తీతు కూతురు గ్లోరియా వచ్చింది.

"తాతా, నాకు ఏదన్న మంచిది ఇయ్యి."

"మీ నాయినది గీ వారం ఏ షిఫ్టు?"

"నైటు."

"అయితే నీలం దీస్కో. వచ్చే సోమారం షిఫ్టు మారంగనే తెచ్చియ్యాలె."

నీలం రంగు గట్టయ్య కంటికి చల్లగా, నిమ్మళంగా కనిపించింది. తండ్రి పగలు పడుకునే ఇంట్లో ఉండవలసింది అటువంటి పుస్తకమే అనుకున్నాడు. పన్నెండయ్యేసరికి పదకొండు నీలం పుస్తకాలు పదకొండు నైట్ షిఫ్టు ఇళ్ళకు చేరాయి.

నీలం అట్టలన్నీ ఒకే సెట్టు, ఆ సెట్టు మొత్తం నవ్వు కథలు. గ్లోరియాకు దొరికిన దాంట్లో ఒక గాడిద బస్సు కండక్టరుగా చేరుతుంది. రాత్రంతా గనిలో ఉండి వచ్చి తీతు మంగళవారం తొమ్మిదింటికి పడుకుంటే, పదింటికి వంటింట్లో నుంచి నవ్వు మొదలైంది. బుధవారానికి ఆ క్వార్టర్ల లైనులో నాలుగిళ్ళ నుంచి వినబడింది. తీతు లుంగీ మీదే లేచి వచ్చి అరిచాడని, పిల్ల చేతిలో పుస్తకం గుంజుకున్నాడని ఐలవ్వ నల్లా దగ్గర విని వచ్చి చెప్పింది.

గట్టయ్యకు అన్నం సయించలేదు. నీలం పుస్తకాలు వెనక్కి తెచ్చి పెట్టేస్తే ఫిర్యాదు ఉండదని గురువారం ఇల్లిల్లూ తిరిగాడు. ఏ ఇంట్లో అడిగినా పిల్లలు ఒకే మాట చెప్పారు: పుస్తకం నాన్న దగ్గర ఉంది. సాక్ష్యం కోసం దాచిపెట్టారని గట్టయ్యకు అర్థమైంది.

శుక్రవారం తీతు దారిలో ఆపాడు. అతని కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"కాకా, గీ నీలం పుస్తకాలు ఎందరికి ఇచ్చినవ్?"

"పదకొండు మందికి."

"ఎవలెవలకో చెప్పు."

గట్టయ్య పేర్లు చెప్పాడు. తీతు అన్నీ ఫోనులో ఎక్కించుకుని, ఆవులిస్తూ వెళ్ళిపోయాడు.

శనివారం అతడే ఒక కాగితం తెచ్చి గట్టయ్య చేతిలో పెట్టాడు. మొత్తం ఎర్ర సిరాతో రాసి ఉంది. కింద పదకొండు సంతకాలు. గనిలో ఎర్రగా రాసినది ఏదీ మంచిమాట కాదని గట్టయ్యకు తెలుసు. పై నుంచి కింది దాకా కళ్ళు నడిపించి, పెదవులు కదిపి, కాగితం తిరిగి ఇచ్చాడు.

"మంచిగనే రాసిర్రు" అన్నాడు.

"మరి ఒప్పుకుంటవా కాకా?"

"నా చేతిల ఏమున్నది? కమిటీ చూస్తది."

ఆదివారం సాయంత్రం పుస్తకాల గదిలోనే కమిటీ కూర్చుంది. జైపూర్ నుంచి వచ్చిన సంధ్యారాణి, పదకొండు మంది తండ్రులు, వాళ్ళ వెనుక ఆడవాళ్ళు. ఐలవ్వ కూడా వచ్చింది. జగదీశ్వర్ కాగితం విప్పుతుండగానే గట్టయ్య లేచి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు.

"సారూ, అది సదువకుండ్రి. తప్పు నాదే. పిల్లలను ఒక్క మాట అడగలే. రంగు చూసి పంచిన. నాకు సదువు రాదు."

జగదీశ్వర్ తాళంచెవి వైపు చెయ్యి చాపాడు. అప్పటికే సంధ్యారాణి కాగితం అందుకుని చదవసాగింది. పిల్లలు చదివి ఇచ్చేసరికే వారం సగం గడిచిందని, సోమవారం షిఫ్టు మారుతున్నందున నీలం పుస్తకాలు వాపసు ఇవ్వాలని గట్టయ్య గారు నియమం పెట్టారని, తండ్రులైన తాము ఒకరివి ఒకరు మార్చుకుని చదువుతున్నా ఇంకా పూర్తికాలేదని, దయచేసి ఇంకో వారం గడువు ఇప్పించాలని అందులో ఉంది. ఇంత మంచి పుస్తకాలు ఏరి ఇచ్చినందుకు గట్టయ్య గారికి పదకొండు మంది కృతజ్ఞతలు కూడా ఉన్నాయి.

"నీలం పెన్ను రాయలే కాకా, ఇంట్ల ఎర్రదే ఉండె" అన్నాడు తీతు.

జగదీశ్వర్ చాపిన చెయ్యితోనే తాళంచెవిని గట్టయ్య వైపు తోశాడు. రేపటి నుంచి రోజుకో గంట తన దగ్గర అక్షరాలు దిద్దమని సంధ్యారాణి అన్నది. గట్టయ్య కళ్ళు తుడుచుకుని తాళంచెవి తీసుకున్నాడు.

అప్పుడు వెనుక నుంచి ఐలవ్వ లేచింది.

"సదువు రాదా నీకు? మరి పెండ్లయిన కాన్నుంచి పొద్దుగాల చాయ్ తాగుకుంట నాకు పేపరు సదివి ఇనిపిస్తున్నవ్ గదా?"

గట్టయ్య తాళంచెవిని మొలతాడుకు కట్టుకోసాగాడు.

"కమాన్‌పూర్‌ల విమానాలు దిగుతయని నాలుగేండ్ల కింద సదివినవ్. నా తమ్ముడు రాజం నీ మాట మీద, ధర పెరుగుతదని భూమి అమ్మకుంట కూసున్నడు."

కమిటీ లేచింది, తండ్రులు పుస్తకాలతో ఇళ్ళకు పోయారు. ఆ సాయంత్రం గది మూయడానికి గట్టయ్య ఏమీ తొందరపడలేదు.